ఉప్పు మింగే పొడి

బుధవారం చేయవలసిన పనులు:

1. చక్రానికున్న నలభై పలకలూ చూసి, పూత ఊడినవి మార్చాలి.
2. మూడు మడుల్లోనూ ఉప్పునీటి చిక్కదనం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవాలి.
3. పంపు తీగలు ఎలుకలు కొరికాయేమో చూడాలి.
4. షామియానా ఏ గట్టు మీద వేయాలో సర్పంచి గారిని అడగాలి.
5. వారం గ్రాఫులు మేడమ్ గారికి పంపాలి.
6. తవిటమ్మ అత్తకు రెండో డబ్బా ఇవ్వాలి.
7. రేపు అధికారుల ముందు స్విచ్ ఎలా వేయాలో ఆమెకు మరోసారి చూపించాలి.
8. అమ్మకు ఫోన్.

ఎనిమిది పనులూ చేశాను. జాబితా రాసుకుంటే నేను ఏదీ వదలను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఏది ముఖ్యమో ఏది కాదో చెప్పేవాళ్ళు లేక, అన్నీ ముఖ్యమే అనుకుని చేయడం అలవాటైంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఆరో పని గురించి.

నా పేరు ఢిల్లీశ్వరి. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో, డాక్టర్ మిరియాల ప్రభావతి గారి దగ్గర పరిశోధన చేసేదాన్ని. సోడియం అయాన్ బ్యాటరీలకు కావలసిన పొడి తయారు చేయడం మా పని. సోడియం, మాంగనీసు, ఇనుము కలిసిన ఆక్సైడు అది. చూడటానికి కాటుకలా ఉంటుంది. దినుసులు కలిపి నూరి, బిళ్ళలు చేసి, తొమ్మిది వందల డిగ్రీల కొలిమిలో పదిహేను గంటలు కాల్చాలి. బయటికి తీశాక గాలి తగలకుండా దాచాలి. అక్కడే వచ్చేది చిక్కంతా. తడిగాలి సోకితే పొడి లోపలున్న సోడియం పైకి తేలి, తెల్లటి పూతలా మారిపోతుంది. పూత పట్టిన పొడి ఇక ఎందుకూ పనికిరాదు. మేడమ్ గారు ఆ తెల్లపూతతో పంతొమ్మిదేళ్ళు పోరాడారు.

ముప్పై ఒకటో బ్యాచ్‌లో నేను కొద్దిగా జింకు కలిపాను. వానాకాలం. నిల్వ జాడీ మూత సరిగా బిగించలేదు. పొద్దున వచ్చి చూస్తే, ఆ పొడి పూసి తీగ బిగించి ఉంచిన పలక మీద సున్నం వేసినట్టుంది. మేడమ్ గారు చూడకముందే కడిగేద్దామని ఉప్పునీళ్ళ బీకరులో ముంచాను. తీగ రెండో కొస మీటరుకే ఉంది, తీయలేదు. మీటరులో అంకె కదిలింది.

బయటికి తీశాను, పలక ఆరింది, మళ్ళీ తెల్లబడింది. ముంచాను, మళ్ళీ అంకె కదిలింది. నీటిలో ఉన్నంతసేపూ పొడి సోడియాన్ని మింగుతోంది. గాలిలోకి రాగానే కక్కేసి, ఖాళీ అయి, మళ్ళీ ఆకలితో ఉంటోంది. మింగినప్పుడల్లా కరెంటు.

మేడమ్ గారిని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. ఇంకోసారి చెయ్యమన్నారు. పదకొండుసార్లు చేయించారు. ఆ తర్వాత తిట్టారు, జాడీ మూత గురించి.

*

సముద్రపు నీటి కన్నా ఉప్పు మడుల్లో నీరు చిక్కగా ఉంటుంది. పొడికి కావలసినంత తిండి అక్కడ దొరుకుతుంది. అందుకని పరీక్ష మడుల్లో పెడదామన్నాను. శ్రీకాకుళం తీరంలో గవ్వలపేట పేరు చెప్పింది కూడా నేనే. మా అమ్మ అక్కడ ఇరవై రెండేళ్ళు ఉప్పు లాగింది. మోకాళ్ళు పోయాక మానేసి మా అన్న దగ్గర ఉంటోంది.

నీళ్ళు తోడే చక్రం లాంటిదొకటి మడి అంచున బిగించాం. దానికి నలభై నల్లటి పలకలు. కిందికి వెళ్ళిన పలక మునిగి మింగుతుంది, పైకి లేచిన పలక గాలిలో కక్కుతుంది. చక్రం తిరగడానికి కావలసిన కరెంటు అదే పుట్టించుకుని, మిగిలిన దానితో నీళ్ళు తోడే పంపును నడిపేది. డీజిలు ఇంజను మోత ఆగిపోవడంతో మొదటి రోజు మడుల్లో ఆడవాళ్ళు గట్టు మీదికి చేరి చూశారు.

వాళ్ళకు మేస్త్రి తవిటమ్మ. యాభై దాటిన మనిషి. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పోతే, ఈ పిల్లైనా దక్కాలని తవుడుకు అమ్మి, తిరిగి కొనుక్కుని ఆ పేరు పెట్టారట. మా అమ్మతో కలిసి పనిచేసింది కాబట్టి నాకు అత్త. చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇది ఉప్పు తినీసి ఊరుకుంటాదేటి? మరి మాకేటి మిగులుతాది?"

మడిలో ఉన్నదానితో పోలిస్తే అది తినేది చిటికెడే అని చెప్పాను.

"చిటికెడు చిటికెడనే మీ అమ్మ నా డబ్బాలో కారప్పొడంతా ఊడ్చీసీది" అంది. అందరూ నవ్వారు.

ఆ ఆడవాళ్ళ పాదాలు నేను చిన్నప్పటి నుంచీ చూసినవే. మడమలు బీటలు వారి, వేళ్ళ సందుల్లో పుళ్ళు పడి ఉంటాయి. పొద్దున్నే మడిలో మొదటి అడుగు వేసేటప్పుడు మాట్లాడరు. పళ్ళు బిగబట్టి దిగుతారు. కాసేపటికి మొద్దుబారుతుంది, అప్పుడు కబుర్లు మొదలవుతాయి. సాయంత్రం మళ్ళీ మంట. మా అమ్మ పాదాలకు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. నా పుస్తకాల మధ్య ఆ గుడ్డ పిండిన నీళ్ళ చప్పుడు ఉండేది.

మార్చిలో ఒకరోజు ఒక పలక పూత పెచ్చులుగా ఊడి గట్టు మీద పడింది. తవిటమ్మ అత్త దాన్ని తొక్కింది. నల్లటి ముద్ద ఆమె మడమ పగులులో ఇరుక్కుంది. కడుక్కోకుండా మడిలో దిగింది. కాసేపటికి ఒక కాలు ఎత్తి పట్టుకుని కొంగలా నిలబడి నన్ను పిలిచింది.

"అమ్మీ, ఈ కాలు మండతన్నాది. ఆ కాలు మండట్లేదు. ఏటి పెట్టినారు మీరు దాన్లోన?"

నేను అక్కడికక్కడే గ్రహించాను. పుండులోకి దిగే ఉప్పును ఆ పొడి తాగేస్తోంది. నాకు కలిగిన సంతోషం చెప్పలేను. కరెంటు పుట్టిన రోజున కూడా అంత సంతోషించలేదు. మా అమ్మ ఇరవై రెండేళ్ళ మంటకు మందు నా చేతిలో ఉందనుకున్నాను.

గుడ్డిగా ఇవ్వలేదు. నాకు తెలిసిన పద్ధతిలోనే పరీక్షించాను. పొడిని కానుగ నూనెలో కలిపి, ముందు నా ముంజేతికి రాసుకున్నాను. వారం రోజులు ఉంచాను. దద్దురు లేదు, దురద లేదు, ఏమీ లేదు. అన్నీ నోటుపుస్తకంలో రాశాను. నా చేతికి పగుళ్ళు లేవన్న సంగతి మాత్రం రాయలేదు, అది రాయవలసిన సంగతని తోచలేదు. పుండు అంటే లోపలికి తెరిచిన తలుపు. దాని వెనక రక్తం ఉంది, రక్తంలో ఉప్పు ఉంది. మడిలో ఉన్నంతసేపు పొడి మడి ఉప్పే తింటుంది. ఆమె ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని పడుకున్నాక దానికి దొరికే ఉప్పు ఒక్క చోటే.

మేడమ్ గారికి చెప్పాను. పరీక్షకు సంబంధం లేని పని వద్దని అన్నారు. కానీ గట్టిగా అనలేదు, నేనూ గట్టిగా వినలేదు.

*

మొదటి డబ్బా పద్దెనిమిది రోజులు వచ్చింది. తవిటమ్మ అత్త తన జట్టులో మరో నలుగురికి కొంచెం కొంచెం రాసింది. కాని ఎక్కువ భాగం ఆమెదే. ఆమె పాదాలే అందరి కన్నా పాడైనవి.

పాదాల అంచున తెల్లటి పొడి కట్టేది. ఆమె దాన్ని తెల్ల పారాణి అనేది. పెళ్ళినాడు కూడా ఇంత అందంగా పెట్టలేదని వేళాకోళం చేసేది. ఆ రోజుల్లోనే ఆమెకు ఉప్పు మీద యావ పుట్టింది. పని చేస్తూ చేస్తూ ఒక రాయి తీసి బుగ్గన పెట్టుకునేది. అన్నంలోకి ఎండుచేప లేకపోతే ముద్ద దిగేది కాదు. వికారంగా ఉందని ఒకసారి గట్టు మీద కూర్చుంది. జట్టులో గున్నమ్మ అని ఆమెకు వరసకు చెల్లెలు ఉంది.

"ఏటే అప్పా, నెల తప్పినావేటి?" అంది గున్నమ్మ.

"అవునే, మీ బావ పోయి ఆరేళ్ళయ్యింది, ఇప్పుడే గుర్తొచ్చినాడు" అంది తవిటమ్మ అత్త.

అందరితో పాటు నేనూ నవ్వాను. తెల్ల పూత, ఉప్పు యావ, వికారం. మూడూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ప్రయోగశాలలో ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద కనిపించి ఉంటే అరగంటలో గీత గీసి కలిపేదాన్ని.

బుధవారం రెండో డబ్బా ఇచ్చాను. రేపు పెద్దోళ్ళు వస్తారని, పాదాలు బాగుండాలని ఆమె ఆ సాయంత్రం దట్టంగా రాసుకుని గుడ్డ కట్టుకుందని తర్వాత తెలిసింది.

*

గురువారం పదిగంటలకు అధికారులు వచ్చారు. మేడమ్ గారు పట్టుచీర కట్టుకున్నారు. నేను ఆమెను పట్టుచీరలో చూడటం అదే మొదటిసారి. తవిటమ్మ అత్త స్విచ్ దగ్గర నిలబడింది. మేడమ్ గారు రెండు నిమిషాలు మాట్లాడి ఆమె వైపు తిరిగారు.

తవిటమ్మ అత్త స్విచ్ వేయలేదు. నన్ను చూసి మా అమ్మ పేరుతో పిలిచింది. ఇంకా చీకటి పడకముందే లాంతరు ఎందుకు వెలిగించారని అడిగింది. అందరూ నవ్వబోయారు. ఆమె మోకాళ్ళు వంగాయి, గట్టు మీద నుంచి మడిలోకి జారింది, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది.

వడదెబ్బ అన్నారు. ఎవరో నీళ్ళు తెచ్చి ముఖాన కొట్టారు. మెలకువ రాగానే గున్నమ్మ చెంబెడు నీళ్ళు తాగించింది, నేను ఇంకో చెంబు తాగించాను. ఉప్పు తగ్గిన మనిషికి ఉత్త నీళ్ళు ఇవ్వకూడదని ఇప్పుడు నాకు తెలుసు.

అంబులెన్సులో గున్నమ్మా నేనూ ఎక్కాం. మేడమ్ గారు అధికారుల దగ్గర ఉండిపోయారు.

పట్నంలో పెద్దాసుపత్రి. డ్యూటీలో ఉన్న డాక్టర్ పేరు మెహరున్నీసా. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. వార్డులో ముప్పై మంది ఉన్నా ఒక్కరి దగ్గరా తొందరపడటం లేదు. రక్తపరీక్ష పన్నెండున్నరకు వచ్చింది. సోడియం నూట ముప్పై అయిదు పైన ఉండాలి. నూట తొమ్మిది ఉంది.

"ఏం మందులు వాడుతోంది? బీపీ మాత్రలా? నాటుమందులు ఏమన్నానా?" అని అడిగింది.

సోడియం అనే మాట వినగానే నాకు డబ్బా గుర్తొచ్చింది. ఒక్క నిమిషం అని బయటికి వెళ్ళి మేడమ్ గారికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. తర్వాత ఆవిడ మెల్లగా మాట్లాడారు.

"అది పొడి వల్లేనని నీకు రుజువుందా? లేదు. ఆసుపత్రి కాగితం మీద ఆ పేరు ఎక్కితే ఇక చెరగదు. పంతొమ్మిదేళ్ళమ్మా. నేను గంటన్నరలో వస్తాను, నేనే మాట్లాడతాను. అందాకా ఏమీ అనకు."

సరేనన్నాను. పెద్దవాళ్ళు ఆగమంటే ఆగడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. లోపలికి వచ్చి, మందులేమీ వాడటం లేదని డాక్టర్‌తో చెప్పాను.

చిక్కటి ఉప్పు సెలైన్ ఎక్కించారు. మూడు గంటలకు మళ్ళీ రక్తం తీశారు. నూట ఎనిమిది. పెరగవలసింది తగ్గింది. డాక్టర్ కాగితం రెండుసార్లు చూసి, ఎక్కడికి పోతోందో అర్థం కావడం లేదని నర్సుతో అంది. సెలైన్ వేగం రెట్టింపు చేసింది.

ఎక్కడికి పోతోందో నాకు కనిపిస్తోంది. దుప్పటి చివర తవిటమ్మ అత్త పాదాలు బయటికి ఉన్నాయి. కట్టు విప్పి చాలాసేపైంది. పగుళ్ళ చుట్టూ తెల్లటి పొర లేస్తోంది. లేచి, ఎండి, పిండిలా పక్క మీద రాలుతోంది. పైన సీసాలోంచి దిగే ఉప్పు కింద పాదాల్లోంచి బయటికి వస్తోంది. మా చక్రం ఎలా తిరుగుతుందో ఆమె శరీరం అలా తిరుగుతోంది.

తడిగుడ్డతో తుడిచి చూశాను. పొడి పగుళ్ళ లోతుకు దిగిపోయింది, రాలేదు. మేడమ్ గారు రాలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే, అధికారులు పత్రాలు అడుగుతున్నారని, బయల్దేరుతున్నానని అన్నారు.

గోడకు ఆనుకుని ఆలోచించాను. ఆ పొడిని తీయలేకపోతే దానికి వేరేచోట తిండి పెట్టాలి. పాదాలు చిక్కటి ఉప్పునీటిలో పూర్తిగా మునిగి ఉంటే అది అక్కడి ఉప్పే తింటుంది. గాలి తగలదు కాబట్టి కక్కడం కూడా ఆగుతుంది. నిండి ఊరుకుంటుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఇప్పటికీ ఆ లెక్కలో తప్పు లేదు.

రోడ్డుకు అవతల కొట్లో కల్లుప్పు పొట్లాలు ఎనిమిది కొన్నాను. స్నానాలగది నుంచి బకెట్టు తెచ్చాను. గున్నమ్మ, నేను కలిసి ఆమెను మంచం అంచుకు జరిపి పాదాలు బకెట్టులో దించాం. పగుళ్ళలోకి ఉప్పు దిగగానే తవిటమ్మ అత్తకు స్పృహ వచ్చింది. మంచం పట్టె బిగించి పట్టుకుంది.

"మడిలోకి దించీసినారేటి నన్ను" అంది.

తప్పదత్తా, కాసేపు ఓర్చుకోమన్నాను. ఆమె పళ్ళు బిగబట్టింది. పాదాల మీద తెల్లపొర లేవడం ఆగింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

అప్పుడు డాక్టర్ మెహరున్నీసా వచ్చింది. బకెట్టు చూసింది. ఇదేంటని నన్నే అడిగింది. మంచం పక్కన ఇద్దరం ఉన్నాం, చదువుకున్నదాన్ని నేను కాబట్టి.

చెప్పడానికి అంతకన్నా మంచి క్షణం మళ్ళీ రాదు. నోరు తెరిచాను.

"మా ఊళ్ళో ఆచారమండి. మూర్ఛ వస్తే కాళ్ళు ఉప్పునీళ్ళలో పెడతారు. పెట్టకపోతే పెద్దవాళ్ళు ఊరుకోరు."

గున్నమ్మ నా వైపు చూసింది. డాక్టర్ ఒక్క క్షణం ఆలోచించి, కాళ్ళే కదా, పైన ఏమీ తాగించవద్దు అని చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. సెలైన్ వేగం తగ్గించలేదు. ఎందుకు తగ్గిస్తుంది? కారే కుండకు సరిపడా నీళ్ళు పోస్తోంది ఆమె. చిల్లు నేను మూశానని ఆమెకు తెలియదు.

నాకు బ్యాటరీలు తెలుసు. మనిషి మెదడుకు ఉప్పు తగ్గడమే కాదు, గబగబా పెరగడం కూడా ప్రమాదమని తెలియదు. రోజు మొత్తానికి ఎనిమిది అంకెలకు మించి పెరగకూడదట. అది ఆ డాక్టర్‌కు తెలుసు. ఆమెకు తెలిసింది నాకూ, నాకు తెలిసింది ఆమెకూ తెలిసి ఉంటే సరిపోయేది.

ఏడున్నరకు వచ్చిన కాగితంలో నూట ముప్పై ఒకటి ఉంది.

డాక్టర్ పరుగున వచ్చి సెలైన్ తనే ఆపింది. మేడమ్ గారు అప్పుడే వార్డులోకి వచ్చారు, పట్టుచీరతోనే. డాక్టర్ అందరి ముఖాలూ చూసి, ఇది దానంతటది జరిగేది కాదు, ఏం చేశారని అడిగింది. నేను చెప్పాను. పొడి పేరు, అందులో ఏముందో, ఎన్ని రోజులు రాసిందో, బకెట్టు ఎందుకు పెట్టానో అంతా. ఆగమన్నది తనేనని మేడమ్ గారు అన్నారు. డాక్టర్ మా ఇద్దరినీ తిట్టలేదు. మూడు గంటలకు చెప్పి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేసింది. పెరిగిన ఉప్పును మళ్ళీ కిందికి దించడానికి వేరే సీసా తగిలించింది. మెదడుకు నష్టం జరిగిందో లేదో రెండు మూడు రోజుల దాకా తెలియదని చెప్పింది.

ఆ రాత్రే మిగతా నలుగురినీ ఆసుపత్రిలో చేర్చారు. గున్నమ్మ కూడా అందులో ఉంది. వాళ్ళ పాదాలు ఉప్పునీటిలో ముంచి, గంటగంటకూ రక్తం చూస్తూ, సెలైన్ బొట్టు బొట్టుగా ఎక్కించారు. నాలుగు రోజుల్లో నలుగురూ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. అదే పొడి, అదే బకెట్టు. డాక్టర్‌కు తెలిసి చేయడం ఒక్కటే తేడా.

*

శుక్రవారం తవిటమ్మ అత్త లేచి కూర్చుంది. ఇడ్లీ తింది, చట్నీలో ఉప్పు చాల్లేదంది. పక్క మంచం ఆవిడతో కబుర్లు పెట్టింది. అందరూ గండం గడిచిందన్నారు. డాక్టర్ మాత్రం రోజుకు నాలుగుసార్లు వచ్చి, వేళ్ళు బిగించమని, నాలుక చాపమని అడిగి వెళ్ళేది. నేను ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఆమె గ్లాసు పట్టుకున్న ప్రతిసారీ దాని కింద నా చెయ్యి పెట్టేదాన్ని.

శనివారం మధ్యాహ్నం ఆమెకు చెప్పాను. డబ్బా సంగతి ముందు చెప్పాను. పొడి ఎలా ఉప్పు తాగిందో చెప్పాను. ఆమె విని, నువ్వు మంచికే ఇచ్చావు, నేనే ఎక్కువ రాసుకున్నానంది. అక్కడితో ఊరుకుని ఉండవచ్చు. కాని డాక్టర్‌తో నేనన్న మాట కూడా చెప్పాను.

ఆమె ముఖం మారిపోయింది.

"మనకలాటి ఆచారం ఎక్కడున్నాదే?"

లేదన్నాను.

"నీకు తెలిసినది నీ సదువు. అది దాచీసి, మా మీద పెట్టీసినావు. మూర్ఖపోల్లు, ఏదో సేసుకుంటారులే అని ఆ డాక్టరు పిల్ల ఊరుకున్నాది. నువ్వు సెప్పింది నమ్మింది గదా, మా కాడ నుంచి ఒచ్చిన పిల్లవని. పొడికి నాను కోప్పడను. దీనికి కోప్పడతాను."

క్షమించమని నేను అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం నేను వెళ్ళిపోతుంటే మాత్రం, అన్నం తిన్నావా అని అడిగింది.

ఆదివారం పొద్దున గ్లాసు ఆమె చేతిలోంచి జారింది. మాట ముద్దగా వచ్చింది. మధ్యాహ్నానికి మింగలేకపోయింది. సోమవారానికి కళ్ళు మాత్రమే కదిలేవి. అవునంటే పైకి, కాదంటే కిందికి చూడమని డాక్టర్ నేర్పింది. తవిటమ్మ అత్త వెంటనే నేర్చుకుంది. అంటే లోపల మనిషి అంతా అలాగే ఉంది.

ఇరవై మూడో రోజున ఊపిరితిత్తులకు జబ్బు సోకి చనిపోయింది.

*

విచారణ జరిగింది. మేడమ్ గారు తన వాంగ్మూలం తన చేతి రాతతో రాసి ఇచ్చారు. ఫోన్‌లో నాతో అన్న మాటలు ఒక్కటీ మార్చలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం వదిలేశారు. మడిలోంచి చక్రం విప్పేశారు. డీజిలు ఇంజను మళ్ళీ వచ్చింది. నా డిగ్రీ రెండేళ్ళు ఆపి, తర్వాత ఇచ్చారు. నేను తీసుకున్నాను. వద్దనడానికి కావలసిన ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ముప్పై ఒకటో బ్యాచ్ చచ్చిపోలేదు. అలాంటివి చావవు. వేరే చోట వేరేవాళ్ళు దాన్ని మూసిన పెట్టెల్లో పెట్టి నడిపిస్తున్నారు. తీరం పొడవునా దీపాలు వెలుగుతున్నాయి, తాగునీరు కూడా తీస్తున్నారు. మంచి పనే. ఇప్పుడు నా ఉద్యోగం అలాంటి పొడుల డబ్బాల మీద హెచ్చరికలు రాయడం. పెద్ద జీతం కాదు, గౌరవమూ కాదు. నేనే కోరి చేరాను.

గవ్వలపేటకు ఒక్కసారి వెళ్ళాను. గున్నమ్మ మడిలో ఉంది. గట్టు మీదికి రాలేదు, పొమ్మనీ అనలేదు. నేను అక్కడే నిలబడి, ఆ రోజు నేను చేసింది అందరికీ వినబడేలా చెప్పాను. మీ ఆచారమని నేను అబద్ధమాడానని చెప్పాను. ఆడవాళ్ళు పని ఆపి విన్నారు, తర్వాత పనిలో పడ్డారు.

ఇది చదివినవాళ్ళు ఎప్పుడైనా ఆ నల్లపొడి డబ్బాను చూడవచ్చు. మీ ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గరో, పడవల రేవులోనో. దాని మీద చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలు ఉంటాయి. పుండుకు, పగిలిన చర్మానికి తగలనివ్వకూడదు అనేది మొదటిది. తగిలితే వైద్యుడు అడిగేదాకా ఆగకుండా పొడి పేరు చెప్పాలి అనేది రెండోది. రెండో వాక్యం అక్కర్లేదని పైవాళ్ళు మూడుసార్లు కొట్టేశారు. నాలుగోసారి ఉంచారు. దాని కింద ఒక మనిషి పేరు వేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఆ వాక్యం కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగండి. గవ్వలపేట ఉప్పు మడుల మేస్త్రి తవిటమ్మను గుర్తు చేసుకోండి.